ఓక్సాకా నుంచి వహాకాకి

ఆ సోమవారం ఉదయం జనార్ధనరావు ఇడ్లీల పళ్లెం పక్కకు జరిపి, బల్ల మీద ప్రపంచ పటాల పుస్తకం పరిచాడు. చట్నీ గిన్నెను కూడా జరిపాడు, అది సరిగ్గా మెక్సికో మీదకి వస్తోంది మరి.

"శని, ఆదివారాలు మనవే! శిక్షణ లేదు, క్లాసులు లేవు. ఎటైనా ఎగిరిపోవచ్చు" అన్నాడు.

"నిజంగా ఎగిరేనా?" అంది నాగరత్నం, చేతిలో నెయ్యి గిన్నెతో అలాగే నిలబడిపోయి.

"నిజంగా ఎగిరే. ఒక్క గంట విమానం."

తణుకు నుంచి ఆ దంపతులు హోసూరు వచ్చి ఆరేళ్లయింది. కొత్తగా వెలిసిన ఫ్యాక్టరీల్లో ఒకదానిలో జనార్ధనరావు ఇంజనీరు. 1982లో ఆ ఫ్యాక్టరీ ఇనప రేకుల్ని అణిచి విడిభాగాలు చేసే ఒక పెద్ద ప్రెస్సును మెక్సికో నుంచి తెప్పించింది. దాన్ని నడపడం నేర్చుకు రావడానికి అతన్ని మెక్సికో నగరానికి పది రోజులు పంపుతున్నారు. ప్రెస్సు అమ్మినవాళ్లు మర్యాదస్తులు, భార్యను కూడా వెంటపెట్టుకు రమ్మన్నారు. ఆ కబురు తెలిసిన నాటినుంచి నాగరత్నం కాలు నేల మీద నిలవడం లేదు. తణుకు, హోసూరు మధ్య రైలుదారి తప్ప ఇంకో దారి ఎరగని మనిషి, ఇప్పుడు బొంబాయి మీదుగా, లండన్ మీదుగా సముద్రాలు దాటబోతోంది. అక్కడికి వెళ్లాక మళ్లీ ఇంకో విమానమా!

"అయితే నాకు తెలుసు ఎక్కడికెళ్లాలో" అంది.

"నాకూ తెలుసు. బెంగుళూరు లైబ్రరీలో మూడు వారాలు చదివాను" అన్నాడు జనార్ధనరావు, పటం మీద వేలు పెట్టి. "ఓక్సాకా! నాలుగైదు వందల ఏళ్లనాటి ఊరు. ఆకుపచ్చ రాతి కట్టడాలు. పక్కనే కొండ మీద రెండు వేల ఏళ్లకి పూర్వం కట్టిన ఇంకో నగరం, శిథిలాలు."

నాగరత్నం మొహం ముడుచుకుంది. "శిథిలాలు చూడ్డానికి అంత దూరమా? నేను చెప్పేది వహాకా అండి. రామిరెజ్ గారు చెప్పారు."

రామిరెజ్ అంటే ప్రెస్సు బిగించడానికి మెక్సికో నుంచి వచ్చిన ఇంజనీరు. హోసూరులో అందరూ అతన్ని రామిరెడ్డి అనేవారు, అతనూ పలికేవాడు. కిందటి నెల వీళ్లింటికి భోజనానికి వచ్చి, నాగరత్నం చేసిన ఎండుమిరపకాయల పచ్చడి తిని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. కారానికి కాదు, వాళ్లమ్మ గుర్తొచ్చి. ఆ సమయంలో జనార్ధనరావు సోడాల కోసం వీధి చివరికి వెళ్లాడు. రామిరెజ్‌కి వచ్చిన ఇంగ్లీషు అంతంత మాత్రం, నాగరత్నానిది అంతకంటే మెరుగు కాదు. అందుకే ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమైంది. వాళ్లమ్మ ఊరు వహాకా. అక్కడి సంతలో ఏడు రంగుల మిరపకాయలు దొరుకుతాయి, రోటిలో చాక్లెట్ రుబ్బి అమ్ముతారు, సాయంత్రమైతే వీధిలోనే బాజాలు వాయిస్తారు.

జనార్ధనరావు పుస్తకం వెనక ఉన్న ఊళ్ల పేర్లన్నీ వెతికాడు. వి అక్షరం కింద చూశాడు, డబ్ల్యూ కింద చూశాడు. "అలాంటి ఊరే లేదు. ఆయన ఏదో కూర పేరు చెప్పి ఉంటాడు."

"కూర పేరుకీ ఊరి పేరుకీ తేడా తెలియనిదాన్నా నేను?"

"పుస్తకంలో లేదంటున్నాగా!"

"మీ పుస్తకంలో హోసూరు ఉందా?"

జనార్ధనరావు చూశాడు. లేదు. చేసేదేం లేక ఇడ్లీలు తినకుండానే ఫ్యాక్టరీకి బయలుదేరాడు.

నాగరత్నం కళ్లు తుడుచుకుంటూ బట్టలు ఆరవేయడానికి పెరట్లోకి వెళ్లింది. అక్కడ ఇంటి యజమానురాలు మునిలక్ష్మమ్మ ఆవులకి కుడితి పెడుతోంది. ఆమె, ఆమె భర్త కదిరప్ప బేరిగై నుంచి వచ్చి హోసూరులో ఇల్లు కట్టుకుని, పక్కవాటా వీళ్లకి అద్దెకిచ్చారు.

"ఏంటికి రత్నమ్మా, కండ్లు అట్ల ఎర్రగా ఉండాయి?"

"ఏం చెప్పమంటారండీ! ఆయనకో ఊరు, నాకో ఊరు. కలిసి వెళ్లడం కుదిరేలా లేదు. మెక్సికో చేరాక ఎవరి దారి వాళ్లదే" అంది నాగరత్నం కోపంగా, చీర విదిలించి.

మునిలక్ష్మమ్మ చేతిలోని బకెట్టు జారింది. కుడితి నేలపాలైంది. ఆవు వచ్చి నాకుతున్నా ఆమె చూడలేదు. ఒక్క పరుగున ముందువాకిట్లోకి పోయి భర్త చెవిలో చెప్పింది. "ఆ అప్పా, ఆ అమ్మా విడిపోతుండారు. ఈడ విడిపోతే నలుగురూ నవ్వుతారని, ఆ మెచ్చికో దేశానికి పోయి విడిపోతారంట!"

కదిరప్ప పెద్దమనిషి. బేరిగైలో గట్టు తగాదాలూ, గొర్రెల తగాదాలూ ఎన్నో తీర్చినవాడు. అలాంటివాడి ఇంట్లోనే కాపురం కూలిపోతుంటే మనసు కలత పడి, టీ తాగితే తెరిపిన పడుతుందని బస్టాండుకి నడిచాడు. టీ అంగట్లో అచ్చెన్న కనిపించాడు. అచ్చెన్నది శ్రీకాకుళం వైపు. జనార్ధనరావు విభాగంలోనే, అతని కింద ఇంజనీరు. జనార్ధనరావు వెళ్లలేకపోతే మెక్సికో వెళ్లవలసింది తనే.

"ఎవరికీ చెప్పొద్దప్పా" అని మొదలుపెట్టి కదిరప్ప అంతా చెప్పాడు.

"ఏటి కదిరప్పా! చిలకా గోరింకల్లా ఉంటారు కదేటి వాళ్లు!" అని అచ్చెన్న ఎంతో బాధపడ్డాడు. ఆ బాధలోనే టీ సగంలో వదిలేసి, సైకిలెక్కి ఫ్యాక్టరీకి వెళ్లి, క్యాంటీన్లో కనిపించిన ప్రతివాడికీ ఎవరికీ చెప్పొద్దని చెప్పాడు.

మధ్యాహ్న భోజనాల వేళకి కథకి కాళ్లూ చేతులూ వచ్చాయి. మెక్సికోలో ఒక్క రోజులో విడాకులిస్తారని ఎప్పుడో ఇంగ్లీషు పత్రికలో చదివానని ఒకాయన అన్నాడు. శని, ఆదివారాలు ఎక్కడికో విమానంలో వెళ్లాలని జనార్ధనరావు సరదా పడుతున్నాడని ఇంకొకాయన గుర్తుచేశాడు. ఆ రెండు ముక్కలూ అతుక్కున్నాయి. అచ్చెన్న ఈ విషయాన్ని కేవలం కంపెనీ మేలు కోరి జనరల్ మేనేజరు చెన్నకేశవ చెవిన వేశాడు.

చెన్నకేశవ కోలారు మనిషి. పెళ్లిళ్లంటే ప్రాణం పెట్టేవాడు. మూడు గంటలకి జనార్ధనరావుని తన గదికి పిలిచి, తలుపు వేయించి, మెల్లగా అడిగాడు.

"ఏమప్పా జనార్ధనరావు, శని, ఆదివారాలు విమానంలో యాడికో పోతారంట?"

జనార్ధనరావు మొహం వెలిగిపోయింది. "అవును సార్! తమరిదాకా వచ్చిందా? గంట ప్రయాణమే."

"ఒక్క దినంలో అయిపోతుందా ఆ పని?"

"హడావుడిగా అయితే ఒక్క రోజు చాలంటారు సార్. మేం మాత్రం రెండ్రోజులూ నింపాదిగా కానిద్దామని. పెళ్లయిన పన్నెండేళ్లనుంచి ఎదురుచూస్తున్నాం గదా!"

చెన్నకేశవ రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఆయమ్మకు ఇష్టమేనా?"

"నాకంటే ఆవిడకే తొందర సార్. కాకపోతే ఎక్కడ అన్న దగ్గరే పేచీ వచ్చింది. నేనొకటంటే ఆవిడొకటంటోంది."

"మరి పిల్లలు?"

"ఇద్దర్నీ మా అత్తగారి దగ్గర వదిలేస్తున్నాం సార్. ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు."

చెన్నకేశవ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "చూడప్పా. నేను ఆదివారం సాయంకాలం మీ ఇంటికొస్తాను. ఆ లోపల మీ ఇద్దరూ ఒక మాట మీదకి రావాల. రాలేదనుకో, నువ్వూ పోవద్దు, ఆయమ్మా పోవద్దు. అచ్చెన్న పోతాడు."

జనార్ధనరావు బయటికి వచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాడు. తను సెలవు రోజున ఏ ఊరు చూడాలో జనరల్ మేనేజరుకి ఇంత పట్టింపేమిటో అతనికి అంతుపట్టలేదు. కానీ మాట మాత్రం స్పష్టంగానే ఉంది. ఊరు తేలకపోతే విమానం లేదు.

ఇంటికి వచ్చేసరికి అరుగు మీద కదిరప్ప తలపాగా చుట్టుకుని కూర్చున్నాడు. పక్కన మునిలక్ష్మమ్మ, ఆ పక్కన ఏం జరుగుతోందో తెలియక నాగరత్నం.

"కూచో అప్పా. దాచిపెట్టేది ఏమీ లేదు. నాకంతా తెలుసు" అన్నాడు కదిరప్ప. "గలాటా ఏందో నీ నోటితో చెప్పు."

"ఏముందండీ, నేను ఓక్సాకా అంటాను. ఈవిడ వహాకా అంటుంది."

"అవి ఎవురి పేర్లప్పా?" అంది మునిలక్ష్మమ్మ గుండెల మీద చేయి వేసుకుని.

"ఎవరి పేర్లూ కాదండీ, ఊళ్ల పేర్లు!" అంది నాగరత్నం. "రెండ్రోజుల సెలవుకి ఏ ఊరెళ్లాలా అని."

కదిరప్ప భార్య వైపు చూశాడు. మునిలక్ష్మమ్మ ఆవు వైపు చూసింది. తగాదా ఇంత చిన్నదని తెలిశాక కదిరప్పకి ప్రాణం లేచివచ్చింది గానీ, తలపాగా చుట్టుకున్నాక తీర్పు చెప్పకుండా లేవడం అతనికి అలవాటు లేదు. రెండు పక్షాల వాదనలూ విన్నాడు. శిథిలాల గురించి విన్నాడు, మిరపకాయల గురించి విన్నాడు.

"దినాలు రెండు, ఊర్లు రెండు. ఇంగేంది మీకు కష్టం? మొదటి దినం అప్ప చెప్పిన ఊరికి పోండి. రెండో దినం అమ్మ చెప్పిన ఊరికి పోండి. ఎవురూ ఎక్కువ లేదు, ఎవురూ తక్కువ లేదు."

అది ఇద్దరికీ నచ్చింది. మర్నాడు కదిరప్ప టీ అంగడికి పోయి, విడాకులూ లేవు, ఏమీ లేవు, ఊళ్ల గొడవేనని అచ్చెన్నతో చెప్పాడు. అచ్చెన్న చాలా సంతోషించాడు. ఆ సంతోషాన్ని మాత్రం ఎవరితోనూ పంచుకోలేదు.

బుధవారం సెలవు పెట్టి దంపతులు బెంగుళూరు బస్సెక్కారు. టికెట్లు చూసే ఏజెంటు కోటు తొడుక్కున్న మనిషి. తనకి తెలియని ఊరు భూమి మీద లేదన్నట్టు ఉంటాడు. విమానాల వేళల పుస్తకం తిరగేసి, "ఓక్సాకా ఉంది. శనివారం పొద్దున్నే విమానం" అన్నాడు.

"ఓక్సాకా నుంచి వహాకాకి?" అంది నాగరత్నం ఆత్రంగా.

ఏజెంటు మళ్లీ తిరగేశాడు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి. చివరికి గొంతు సవరించుకుని, "ఆ రెండు ఊళ్ల మధ్య విమానం లేదమ్మా" అన్నాడు.

అది మాత్రం అక్షరాలా నిజం.

"మరెలా?"

"వహాకా చిన్న ఊరై ఉంటుంది. హోసూరుకి పోవాలంటే ఎవరైనా బెంగుళూరులో విమానం దిగి బస్సెక్కట్లేదా? అట్లాగే. ఓక్సాకాలో దిగి ఎవరినడిగినా వహాకా బస్సు చూపిస్తారు."

నాగరత్నం మనసు చివుక్కుమంది. ఆయన ఊరికి విమానం, తన ఊరికి బస్సు! అయినా ఏమీ అనకుండా బయటికి వచ్చింది. తిరిగి వచ్చే బస్సు ఊరి పొలిమేరలో ఆగినప్పుడు, దిగడానికి వస్తున్న విమానం ఒకటి చెట్ల మీదుగా, పెద్ద పొట్టతో, బస్సు అద్దాలు అదిరేంత కిందుగా పోయింది. నాగరత్నం గభాలున మొగుడి చేయి పట్టుకుంది. బస్సు నిండా జనం ఉన్నారన్న సంగతి కూడా మరిచిపోయింది. "అందులోనే గదండీ మనం!" అంది.

హోసూరు దగ్గరి అత్తిబెలె దాటేదాకా ఆ చేయి వదల్లేదు. జనార్ధనరావు కిటికీలోంచి చూస్తున్నట్టే కూర్చున్నాడు గానీ, ఈవిడ ఇంత ముచ్చట పడుతుంటే రాళ్లకోసం పట్టుబట్టడమేమిటని తనలో తనే సిగ్గుపడ్డాడు. ఇటు నాగరత్నం కూడా ఆలోచిస్తోంది. మూడు వారాలు ఆదివారం నిద్ర మానుకుని బెంగుళూరు పోయి చదివొచ్చిన మనిషి, ఒక్కరోజులో ఆ కొండా, ఆ ఊరూ ఏం చూస్తాడు పాపం? ఇద్దరూ మనసులోనే ఒక నిర్ణయానికి వచ్చారు. ఇద్దరూ పైకి చెప్పలేదు. ఆదివారం జనరల్ మేనేజరు వచ్చేముందు చెప్పి సంతోషపెట్టాలనుకున్నారు.

ఆదివారం సాయంత్రం పులిహోర తాలింపు వాసన వీధి దాకా వస్తుండగా జనార్ధనరావు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఓక్సాకా వద్దు. రెండు రోజులూ నీ వహాకాలోనే ఉందాం" అన్నాడు.

నాగరత్నం గరిటె కింద పెట్టింది. "అదేంటండీ? నేనూ అదే చెబుదామనుకుంటున్నాను. వహాకా వద్దు, మీ ఓక్సాకాకే పోదాం."

"నాకోసం నువ్వేం మానుకోనక్కర్లేదు."

"నాకోసం మీరూ మానుకోనక్కర్లేదు."

"నేను చెబుతున్నాను, వహాకా!"

"నేనూ చెబుతున్నాను, ఓక్సాకా!"

"ఒక్కసారైనా నా మాట వినవా?"

"వినను! చచ్చినా వహాకాకి రాను!"

సరిగ్గా అప్పుడే గుమ్మం ముందు కారు ఆగింది. చెన్నకేశవ దిగాడు. కోయంబత్తూరులో రెండు వారాల పని ముగించుకుని ఆ రోజే తిరిగొచ్చిన రామిరెజ్‌ని కూడా భోజనానికి వెంటబెట్టుకొచ్చాడు. వెనకనుంచి, ఏ అవసరం వస్తుందోనని అచ్చెన్న. కేకలు విని మునిలక్ష్మమ్మా, కదిరప్పా కూడా పక్కవాటాలోంచి వచ్చేశారు. అందరికీ ఆఖరి మాట ఒక్కటే వినిపించింది.

"చచ్చినా రానంటుండాది" అన్నాడు చెన్నకేశవ నీరసంగా. "ఇంక తేలదప్పా. అచ్చెన్నా, నీ పాస్‌పోర్టు ఉందా?"

"జేబులోనే ఉందండి" అన్నాడు అచ్చెన్న.

నాగరత్నం పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ఆకాశంలో పోయే ఆ పెద్ద పొట్ట విమానం, లండను, సముద్రాలు, అన్నీ ఒక్క క్షణంలో గుమ్మం దాటి వెళ్లిపోతున్నట్టు అనిపించింది.

ఇంట్లో అడుగుపెట్టిన రామిరెజ్‌కి మాత్రం ఏమీ అర్థం కాలేదు. ఎందుకు ఏడుస్తున్నారని అడిగాడు. నాగరత్నమే తనకు వచ్చిన ఇంగ్లీషులో, వెక్కిళ్ల మధ్య అడిగింది. "ఓక్సాకా నుంచి వహాకాకి ఎలా వెళ్లాలి?"

రామిరెజ్ ఆ మొదటి మాట మళ్లీ చెప్పమన్నాడు. ఆమె చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. జనార్ధనరావు పటాల పుస్తకం తెచ్చి, తన ఊరి మీద వేలు పెట్టి చూపించాడు. రామిరెజ్ వంగి చూశాడు. అతని మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది.

"వహాకా!" అన్నాడు, జనార్ధనరావు వేలి మీద వేలు పెట్టి.

"కాదండీ, ఇది ఓక్సాకా. ఎక్స్ ఉంది చూడండి."

మా భాషలో దాన్ని 'హ' అనే పలుకుతాం, ముందున్న ఓ, ఏ అక్షరాలు కలిసి 'వ' అవుతాయి అన్నాడు రామిరెజ్. ఆ మాటకొస్తే మా దేశం పేరు కూడా మెక్సికో కాదు, మెహికో. ఇక ఓక్సాకా నుంచి వహాకాకి వెళ్లడం అంటారా, చాలా సులువు. విమానం దిగి, కదలకుండా నిలబడాలి.

చెన్నకేశవ ఆ మాటలు అందరికీ తెలుగులో చెప్పి, దంపతుల వైపు తిరిగాడు.

"అంటే," అన్నాడు చెన్నకేశవ, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, "ఇద్దరూ ఒకే ఊరికి పోవాలని వారం దినాలు కొట్లాడినారా?"

"అవును సార్" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఆ వారంలో వాళ్లు ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు.

"మరి విడాకులు?"

"ఏం విడాకులు సార్?"

"పిల్లల్ని వదిలేస్తుండాము అంటివే!"

"పది రోజులకి సార్!"

చెన్నకేశవ నవ్వు వీధి చివరికి వినిపించింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, అచ్చెన్న వైపు తిరిగాడు. "నేను ముందే చెప్పానండి, చిలకా గోరింకల్లా ఉంటారని" అన్నాడు అచ్చెన్న.

మునిలక్ష్మమ్మ భర్తని మోచేత్తో పొడిచింది. "రెండు ఊర్లూ ఒకటేనంట. నీ తీర్పు గోవిందా!"

"ఏంటికి గోవిందా?" అన్నాడు కదిరప్ప నిబ్బరంగా. "మొదటి దినం అప్ప ఊరు, రెండో దినం అమ్మ ఊరు. నేను చెప్పింది చెప్పినట్టే జరుగుతుంది."

అలాగే జరిగింది. శనివారం ఉదయం ఆ విమానం కొండల మధ్య దిగుతుంటే నాగరత్నం కిటికీకి ముక్కు ఆనించి, కేకపెట్టకుండా ఉండడానికి పైట కొంగు కొరికిపట్టింది. ఆ రోజంతా మొగుడి వెనకాల కొండ మీది శిథిలాలన్నీ ఎక్కి దిగింది, రాళ్ల మీద చెక్కిన బొమ్మలు చూసి అతనికంటే ముందు ఆమే ఆశ్చర్యపోయింది. ఆదివారం జనార్ధనరావు ఆమె వెనకాల సంతంతా తిరిగాడు, సంచీ మోశాడు, రోటి చాక్లెట్ రెండు గిన్నెలు తాగాడు, సాయంత్రం బాజాలు మోగుతుంటే కాళ్లు తీపులు పుడుతున్నా లేవనన్నాడు. రామిరెజ్ వాళ్లమ్మ నాగరత్నం వెంట తీసుకెళ్లిన పచ్చడి రుచి చూసి, ఆమెను వారం ఉండిపొమ్మంది.

తిరిగొచ్చాక నెల రోజులపాటు వీధిలో అందరూ అదే కబురు అడిగారు. జనార్ధనరావుని అడిగినవాళ్లకి అతను ఓక్సాకా గురించి, కొండ గురించి, రెండు వేల ఏళ్లనాటి గోడల కొలతల గురించి చెప్పాడు. నాగరత్నాన్ని అడిగినవాళ్లకి ఆమె వహాకా గురించి, ఏడు రంగుల మిరపకాయల గురించి, చాక్లెట్ గురించి, బాజాల గురించి చెప్పింది.

హోసూరులో ఇప్పటికీ చాలామంది, ఓక్సాకా కంటే వహాకాయే బాగుంటుందని అంటారు.